కీళ్లవాతం తీవ్రతను రక్తపరీక్షల రిపోర్టుల్లో చూసుకోవడం ఎలా?

కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్ల ఫైల్ తెరిస్తే కాగితాలన్నీ కలగాపులగంగా ఉంటాయి. కొన్ని విజయవాడ సూర్యారావుపేటలో చేయించినవి, కొన్ని గుంటూరు కొత్తపేటలో చేయించినవి. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఓ అరగంట కూర్చుని వాటిని సర్దుకోండి.

ముందు రెండు కట్టలుగా విడదీయండి. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ (రక్తంలో ఈ జబ్బుకు సంబంధించిన యాంటీబాడీల పరీక్షలు) ఒక కట్ట. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ (ఒంట్లో వాపును కొలిచే పరీక్షలు) ఇంకో కట్ట. మొదటిది జబ్బు స్వభావం చెబుతుంది, రెండోది ఇవాళ వాపు ఎంతుందో చెబుతుంది. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే చాలామంది అనవసరంగా హడలిపోతారు.

మొదటి కట్టలో ల్యాబ్ ఇచ్చిన పై హద్దు చూడండి. దానికి మూడు రెట్లు దాటితే 2010 అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ‘హై పాజిటివ్’. అంటే హద్దు 20 అయితే 60 దాటాలి. ఇలాంటివాళ్లలో ఎముక కొరుక్కుపోయే ముప్పు ఎక్కువ కాబట్టి డాక్టర్లు మొదట్నుంచే గట్టిగా మందులు వాడతారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ హెపటైటిస్ సి, క్షయ ఉన్నవాళ్లలోనూ, ఏ జబ్బూ లేని కొందరు పెద్దవాళ్లలోనూ కనిపిస్తుంది. యాంటీ సీసీపీని అంతకంటే ఎక్కువ నమ్మొచ్చు. రెండూ నెగెటివ్ వచ్చినా జబ్బు ఉండొచ్చు. యాంటీ సీసీపీ 200 నుంచి 150కి దిగిందని సంబరపడక్కర్లేదు. అది మాటిమాటికీ చేయించే పరీక్ష కాదు, ఖరీదూ ఎక్కువే. ‘ఆర్థరైటిస్ ప్యాకేజీ’ల్లో కలిపే ఏఎస్‌ఓ టైటర్‌కూ (గొంతులో వచ్చే ఒకరకం బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ జాడ చూసే పరీక్ష) ఈ జబ్బు తీవ్రతకూ సంబంధం లేదు.

ఇక రెండో కట్ట. వాపు మొదలైన గంటల్లోనే సీఆర్‌పీ పెరుగుతుంది, వాపు తగ్గితే కొద్దిరోజుల్లో దిగుతుంది. ఈఎస్‌ఆర్ దిగడానికి వారాలు పడుతుంది. పైగా వయసు, రక్తహీనత, గర్భం కూడా దాన్ని పెంచుతాయి. హిమోగ్లోబిన్ 9 ఉన్నావిడకు ఈఎస్‌ఆర్ 45 వస్తే తప్పంతా కీళ్ల మీదే వేయకూడదు. సీఆర్‌పీ దగ్గర కొలత గమనించండి: లీటరుకు 12 మిల్లీగ్రాములన్నా, డెసిలీటరుకు 1.2 అన్నా ఒకటే. ల్యాబ్ మారినప్పుడు ‘పదింతలు తగ్గింది’ అనుకునేది ఇక్కడే. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించండి. జ్వరం, పంటి చీము, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే ఆ సంగతి రిపోర్టు మీదే రాసుకోండి.

తర్వాత ఒక తెల్లకాగితం మీద తేదీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, అప్పటి మందు మోతాదు వరసగా రాయండి. జబ్బు రేగినప్పుడు హిమోగ్లోబిన్ తగ్గి, ప్లేట్‌లెట్లు పెరగడం తరచూ కనిపిస్తుంది. పక్కనే పొద్దున్న కీళ్లు ఎంతసేపు బిగుసుకున్నాయో, ఎన్ని వాచాయో రాయండి. నా మటుకు ఈ గడే అన్నిటికంటే విలువైనది. మిర్చి తొడిమలు తీసే పనివల్ల వేళ్లు నొప్పులని సరిపెట్టుకునేవాళ్లు ఒకటి గమనించాలి: పనినొప్పి విశ్రాంతితో తగ్గుతుంది, ఈ బిగుతు నిద్ర లేచేసరికే ఎక్కువగా ఉంటుంది.

ఈ వివరాలతో డాక్టరు జబ్బు తీవ్రతను కొలిచే డాస్-28 స్కోరు లెక్కకడతారు. భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ల కీళ్లు, మోకాళ్లు కలిపి 28 కీళ్లలో నొప్పి, వాపు చూసి, ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ కలుపుతారు. ఈఎస్‌ఆర్‌తో కట్టిన స్కోరు 5.1 దాటితే తీవ్రం. 3.2 పైన మధ్యస్థం. 2.6 కంటే తక్కువైతే జబ్బు అణిగినట్టు. పాదాలు ఈ లెక్కలో లేవు. చీలమండలో, కాలివేళ్లలో వాపుంటే మీరే నోరు తెరిచి చెప్పాలి.

ఈ జబ్బుకే వాడే టోసిలిజుమాబ్ అనే ఇంజెక్షన్ మీదున్నవాళ్లకు మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. ఆ మందు కాలేయంలో సీఆర్‌పీ తయారవకుండా ఆపేస్తుంది. కీళ్లు వాచి ఉన్నా, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా రిపోర్టు చల్లగా కనిపించవచ్చు. అందుకే జ్వరం వస్తే ‘సీఆర్‌పీ నార్మలే కదా’ అని ఇంట్లో కూర్చోకుండా, తర్వాతి ఇంజెక్షన్‌కు ముందే డాక్టరుకు ఫోన్ చేయండి.