గేర్లు మార్చుకుంటూ సైకిలు తొక్కడం ఎలా? నెల్లూరు నుంచి మైపాడు దాకా

గేర్ల సైకిలు కొన్న కొత్తలో నెల రోజులు అన్నిటికన్నా బరువు గేరులోనే తొక్కాను. తేలిక గేర్లు పిల్లలకని నా లెక్క. నెల్లూరుకు తూర్పున సముద్రపొడ్డున ఉన్న మైపాడుకు పోయే రోడ్డులో ఇందుకూరుపేట వచ్చేసరికి మోకాలి చిప్ప కింద సలుపు మొదలయ్యేది. టీ బంకు దగ్గర ఒక పెద్దాయన నా తొక్కుడు చూసి, "ఏందబ్బయా, చైను బిగుసుకుందా?" అన్నాడు. చైను బాగానే ఉంది. తప్పంతా నేను ఎంచుకున్న గేరుదే.

1. ముందు సీటు సరిచేసుకోండి. గోడ పట్టుకుని కూర్చుని మడమ పెడల్ మీద పెట్టండి. పెడల్ అడుగుకు దిగినప్పుడు కాలు నిటారుగా అందాలి. సీటు మరీ కిందికుంటే ఏ గేరైనా మోకాలికి ఇబ్బందే.

2. పెడళ్ల దగ్గరుండే ముందు పళ్లచక్రం పెద్దదైతే బరువు, వెనకది పెద్దదైతే తేలిక. ఈ తిరకాసు దగ్గర మొదట్లో అందరూ తడబడతారు. 21 గేర్లంటే ముందు 3, వెనక 7. మనది చదును నేల కాబట్టి ముందు నడిమిదాని మీదే ఉంచి వెనకవి మార్చుకుంటే చాలు. ముందు పెద్దది, వెనక పెద్దది కలపొద్దు. రెండు చిన్నవీ కలపొద్దు. చైను ఏటవాలుగా లాగుడుపడి గరగరలాడుతుంది, త్వరగా అరిగిపోతుంది.

3. ఇక అసలు సంగతి, కాళ్ల లయ, అంటే నిమిషానికి పెడల్ ఎన్ని చుట్లు తిరుగుతుందనేది. కుడి మోకాలు 15 సెకన్లలో ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. 20 వస్తే నిమిషానికి 80 చుట్లు. సరదాగా, ఆరోగ్యం కోసం తొక్కేవాళ్లకు 75 నుంచి 90 మధ్య బాగుంటుంది. 60 దగ్గర ఉన్నవాళ్లు ఒక్కసారిగా ఎగబాకొద్దు, వారానికి ఓ ఐదు పెంచుకుంటే చాలు.

ఎందుకో లెక్క చూడండి. ముందు 36 పళ్లు, వెనక 18 అనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లయితే 80 చుట్ల లయలో గంటకు 20 కిలోమీటర్లు పోతాం. వెనక 14 పళ్ల మీదికి మారిస్తే 62 చుట్లకే అదే వేగం వస్తుంది, కానీ ప్రతి తొక్కుడుకూ కాలు ఇంచుమించు 30 శాతం ఎక్కువ బలం పెట్టాలి. తేలిక గేరులో ఆ శ్రమ కండల మీద తగ్గి గుండె, ఊపిరి మీదికి మళ్లుతుంది. వ్యాయామానికి మనకు కావలసిందీ అదే. రొప్పకుండా రెండు మాటలు మాట్లాడగలగాలి. సీటు మీద ఎగిరెగిరి పడుతుంటే మాత్రం గేరు మరీ తేలికైందని, ఒకటి బరువు పెంచండి.

4. గేరు మార్చేటప్పుడు కాళ్లు తిరుగుతూనే ఉండాలి, అదుము మాత్రం తగ్గాలి. ఆగబోయే ముందే తేలిక చేసుకోండి. నరసింహకొండ లాంటి ఎక్కుడైతే అడుగునే మార్చాలి. సగంలో కాళ్లు మొరాయించాక మారిస్తే చైను టకటకమని ఊడుతుంది.

5. చదును దారిలో మన కొండ గాలే. ఎదురుగాలి కొడితే వేగం సంగతి వదిలేసి, గేరు తగ్గించి లయ నిలుపుకోండి. తిరుగుదారిలో సముద్రపు గాలి వీపున తగిలితే ఒకటి రెండు బరువు పెంచుకోవచ్చు. ఎండాకాలం పడమటి వడగాలి లేచిందంటే అది నేరుగా మొహానికే కొడుతుంది. ఆ రోజుల్లో చీకటితోనే బయల్దేరి, ఎనిమిదిలోపు ఊళ్లో పడండి.