కాంక్రీట్ నౌనా, అబ్‌స్ట్రాక్ట్ నౌనా: వాక్యంలో తేల్చుకోవడం ఎలా

ఇంగ్లిష్ గ్రామర్‌లో నౌన్స్‌ను కాంక్రీట్ (ఇంద్రియాలకు అందేవి), అబ్‌స్ట్రాక్ట్ (అందనివి) అని విడదీయమంటే చాలామంది ఒక జాబితా బట్టీ పడతారు. టేబుల్, డాగ్, రెయిన్ ఒక వైపు. లవ్, ట్రూత్, ఫ్రీడమ్ ఇంకో వైపు. పరీక్షలో సరిగ్గా ఆ పదాలే వస్తే గట్టెక్కుతారు. యూత్, సౌండ్, పెయింటింగ్ లాంటివి ఎదురైతే జాబితా చేతులెత్తేస్తుంది. చాలా పదాలకు ఒకే రకం అంటూ శాశ్వతంగా ఉండదు. ఆ వాక్యంలో పదం దేన్ని చెబుతోందో దాన్నిబట్టే రకం తేలుతుంది. కాబట్టి పదాన్ని విడిగా చూడకండి, వాక్యంతో కలిపి చూడండి.

ముందు అది నౌనో కాదో చూడండి

తప్పులు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. హానెస్ట్, బ్రేవ్, వైజ్ అనేవి గుణాలను చెబుతాయి కదా అని వాటిని అబ్‌స్ట్రాక్ట్ నౌన్స్‌లో కలిపేస్తుంటారు. అవి అడ్జెక్టివ్స్. వాటి నౌన్ రూపాలు హానెస్టీ, బ్రేవరీ, విజ్‌డమ్. అనుమానం వస్తే పదానికి ముందు 'హిజ్' పెట్టి చదవండి. 'హిజ్ హానెస్టీ' అంటే మాట పూర్తయినట్టే ఉంటుంది. 'హిజ్ హానెస్ట్' అనగానే 'ఎవరు?' అన్న ప్రశ్న మిగిలిపోతుంది, ఇంకో పదం కావాలి. లవ్, ఫియర్, హోప్ లాంటివి వెర్బ్‌గానూ వస్తాయి, నౌన్‌గానూ వస్తాయి. 'ఐ హోప్ సో'లో హోప్ వెర్బ్. 'దేర్ ఈజ్ నో హోప్'లో నౌన్. వెర్బ్ అయిన చోట కాంక్రీటా, అబ్‌స్ట్రాక్టా అన్న ప్రశ్నే రాదు.

తర్వాత ఇంద్రియాలతో పరీక్షించండి

చూడగలమా, వినగలమా, తాకగలమా, వాసన పసిగట్టగలమా, రుచి చూడగలమా? అయిదింటిలో ఏ ఒక్కదానికి 'అవును' అన్నా అది కాంక్రీట్ నౌన్. అన్నింటికీ 'కాదు' అయితే అబ్‌స్ట్రాక్ట్. అయిదూ కుదరాలని అనుకోవడం వల్లే ఎయిర్, స్మెల్, థండర్, మ్యూజిక్ లాంటి పదాల దగ్గర తడబడతారు. ఎయిర్ కంటికి కనిపించదు, కానీ వీచినప్పుడు ఒంటికి తగులుతుంది. థండర్ చెవికి వినిపిస్తుంది. రెండూ కాంక్రీటే. బాక్టీరియాను మైక్రోస్కోప్ కింద చూడగలం కాబట్టి అదీ కాంక్రీటే. పరికరం వాడామా లేదా అన్నది లెక్కలోకి రాదు.

ఈ పరీక్షలో అందరూ పడే గుంట ఒకటుంది. కోపం ముఖంలో కనిపిస్తోంది కదా, మరి యాంగర్ కాంక్రీట్ ఎందుకు కాదు? మనకు కనిపించింది ఎర్రబడ్డ ముఖం, బిగిసిన పిడికిలి. అవి కోపానికి గుర్తులే గానీ కోపం కావు. అలాగే టియర్స్ కాంక్రీట్, సారో అబ్‌స్ట్రాక్ట్. క్లాక్ కాంక్రీట్, టైమ్ అబ్‌స్ట్రాక్ట్. బ్రెయిన్ కాంక్రీట్, మైండ్ అబ్‌స్ట్రాక్ట్. గుర్తును వదిలి అసలు విషయాన్ని పట్టుకోవాలి. హంగర్, పెయిన్ లాంటివి ఒంట్లోనే తెలుస్తాయి గానీ ఈ అయిదు ఇంద్రియాల్లో దేనికీ అందవు. వాటిని మామూలుగా అబ్‌స్ట్రాక్ట్ కిందే లెక్కవేస్తారు.

రెండో గుంట అలంకారిక ప్రయోగాలది. 'బిటర్ ట్రూత్' అన్నంత మాత్రాన ట్రూత్‌కు రుచి రాదు. 'వార్మ్ వెల్కమ్'లో వేడి లేదు. 'షి బ్రోక్ హర్ ప్రామిస్'లో ఏదీ ముక్కలు కాలేదు. బిటర్, వార్మ్, బ్రేక్ ఇక్కడ సొంత అర్థంలో వాడలేదు కాబట్టి వాటిని సాక్ష్యంగా తీసుకోకూడదు.

ఒక వాక్యం మీద ప్రయోగించి చూద్దాం: 'ది నర్స్ హెల్డ్ ది ఓల్డ్ మ్యాన్స్ హ్యాండ్, అండ్ హర్ పేషెన్స్ కామ్డ్ హిజ్ ఫియర్.' హెల్డ్, కామ్డ్ వెర్బ్స్, ఓల్డ్ అడ్జెక్టివ్, వాటిని తీసేయండి. మిగిలిన నౌన్స్ నర్స్, మ్యాన్, హ్యాండ్, పేషెన్స్, ఫియర్. మొదటి మూడూ కంటికి కనిపించేవే, కాంక్రీట్. పేషెన్స్ అంటే ఆమె ఓర్పు, ఫియర్ అంటే అతని భయం, రెండూ అబ్‌స్ట్రాక్ట్. పేషెన్స్‌ను పేషెంట్స్ అని చదివితే మాత్రం జవాబు తలకిందులవుతుంది, అది మనుషులను చెప్పే కాంక్రీట్ నౌన్. ఉచ్చారణ దగ్గరగా ఉన్నప్పుడు స్పెల్లింగ్ ఒకటికి రెండుసార్లు చూడాలి.

ఒకే పదం, రెండు రకాలు

'షి స్పెంట్ హర్ యూత్ ఇన్ పావర్టీ'లో యూత్ అంటే వయసు, జీవితంలో ఒక దశ. అబ్‌స్ట్రాక్ట్. 'ఎ యూత్ వాజ్ స్టాండింగ్ ఎట్ ది గేట్'లో అదే పదం గేటు దగ్గర నిలబడ్డ కుర్రాడు. కాంక్రీట్. 'ది బిల్డింగ్ హాజ్ ఫోర్ ఫ్లోర్స్' అన్నప్పుడు బిల్డింగ్ కట్టడం. 'ది బిల్డింగ్ ఆఫ్ ది బ్రిడ్జ్ టుక్ టూ ఇయర్స్' అన్నప్పుడు కట్టే పని. పెయింటింగ్ కూడా అంతే: గోడకు వేలాడేది కాంక్రీట్, బొమ్మలు వేయడమనే పని అబ్‌స్ట్రాక్ట్. ఇలాంటి పదం వచ్చినప్పుడు దాని స్థానంలో మరో మాట పెట్టి చూడండి. 'బాయ్' సరిపోతే ఒక జవాబు, 'యంగ్ ఏజ్' సరిపోతే ఇంకో జవాబు.

ఘోస్ట్, యూనికార్న్ లాంటి ఊహాజీవుల విషయంలో గ్రామర్ పుస్తకాల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఉంటే కంటికి కనిపించేవే కాబట్టి కాంక్రీట్ అనడమే సబబు. పరీక్ష రాసేవాళ్లు మాత్రం తమ పాఠ్యపుస్తకం ఏ పక్షమో చూసుకుని దాన్నే పాటించాలి.

చివరి అక్షరాలు ఎంతవరకు నమ్మాలి?

ఎన్-ఇ-ఎస్-ఎస్ (కైండ్‌నెస్), ఐ-టి-వై (ఎబిలిటీ), ఎస్-హెచ్-ఐ-పి (ఫ్రెండ్‌షిప్), హెచ్-ఓ-ఓ-డి (చైల్డ్‌హుడ్), డి-ఓ-ఎమ్ (ఫ్రీడమ్), ఐ-ఎస్-ఎమ్ (హీరోయిజమ్) కనిపిస్తే ఎక్కువసార్లు అబ్‌స్ట్రాక్టే. తెలుగులో తనం, త్వం చేసే పనే ఇవి ఇంగ్లిష్‌లో చేస్తాయి. కానీ ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు. విట్‌నెస్ కోర్టులో నిలబడే మనిషి కావచ్చు. సిటీ ఊరు. బ్యాటిల్‌షిప్ ఓడ. ఎమ్-ఇ-ఎన్-టి, టి-ఐ-ఓ-ఎన్, ఎ-ఎన్-సి-ఇ కూడా ఇలాంటి తోకలే, అయినా అపార్ట్‌మెంట్, స్టేషన్, యాంబులెన్స్ అన్నీ కాంక్రీటే. ముందు ఇంద్రియాల పరీక్ష పెట్టి, ఆ తర్వాతే తోక చూడండి.

అబ్‌స్ట్రాక్ట్ నౌన్ తయారుచేయమన్న ప్రశ్నలో ప్రతిదానికీ నెస్ తగిలించేయడం పెద్ద పొరపాటు. పూర్‌కు పావర్టీ, ప్రౌడ్‌కు ప్రైడ్, స్ట్రాంగ్‌కు స్ట్రెంత్, హైకి హైట్, థీఫ్‌కు థెఫ్ట్, హేట్‌కు హేట్రెడ్. వీటిని కంఠతా పట్టడం తప్ప దారి లేదు. నెస్ చేర్చే చోట కూడా హ్యాపీ, లేజీల్లో చివరి వై పోయి ఐ వస్తుంది. ట్రూ, వైజ్‌లలో చివరి ఇ పోయి ట్రూత్, విజ్‌డమ్ అవుతాయి. క్యూరియస్, జనరస్‌లలో ఓ తర్వాతి యు పోయి క్యూరియాసిటీ, జెనరాసిటీ వస్తాయి. ప్రొనౌన్స్‌లో ఓ-యు ఉంటుంది, ప్రొనన్సియేషన్‌లో ఎన్ తర్వాత యు ఒక్కటే. బాగా చదివినవాళ్లు కూడా అక్కడ ఓ వదలరు. అడ్వైస్‌లో సి ఉంటే నౌన్, ఎస్ ఉంటే వెర్బ్.

లెక్కించగలగడం వేరే సంగతి

అబ్‌స్ట్రాక్ట్ అంటే లెక్కపెట్టలేనిది అనుకోవడం పొరపాటు. ఐడియా, ప్రామిస్, ప్రాబ్లమ్, రీజన్ అబ్‌స్ట్రాక్టే, అయినా 'త్రీ రీజన్స్' అంటాం. వాటర్, గోల్డ్, ఫర్నిచర్ కాంక్రీటే, అయినా వాటిని అంకెలతో లెక్కించం, 'ఫర్నిచర్స్' అనకూడదు. అంటే ప్రతి నౌన్‌కూ రెండు ప్రశ్నలు విడివిడిగా వేయాలి: ఇంద్రియాలకు అందుతుందా? లెక్కకు వస్తుందా?

రాసేటప్పుడు ఎస్ చేర్చాలా, ముందు ఆర్టికల్ పెట్టాలా అన్నది రెండో ప్రశ్న చూసుకుంటుంది. ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ప్రోగ్రెస్‌లకు ఎస్ చేర్చకూడదు. ఒక్కటే అని చెప్పాలంటే 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' అనాలి. ఒక గుణాన్ని సాధారణంగా చెప్పినప్పుడు 'ది' అక్కర్లేదు: 'హానెస్టీ ఈజ్ రేర్'. ఫలానా వ్యక్తిదని చెప్పినప్పుడు వస్తుంది: 'ది హానెస్టీ ఆఫ్ దిస్ విట్‌నెస్ ఈజ్ నాట్ ఇన్ డౌట్'.