ఆయిల్ బావి ఉప్పునీళ్లు పొలంలో ఒలికితే ఏం చెయ్యాలి

ఆయిల్ బావిలోంచి నూనెతో పాటు ఉప్పునీళ్లు కూడా పైకొస్తాయి, సముద్రం నీళ్లలో లీటరుకి 35 గ్రాముల ఉప్పుంటే వీటిలో కొన్ని చోట్ల 200 గ్రాములు కూడా దాటుతుంది. పైపు పగిలి పొలంలోకి వస్తే అందరి కళ్లూ నూనె మరక మీదే ఉంటాయి, కానీ నూనెని నేలలో సూక్ష్మజీవులు మెల్లగా తినేస్తాయి, ఉప్పుని తినేది ఏదీ లేదు.

ముందు లీకు ఆపించండి, చుట్టూ మట్టి కట్ట వేసి నిలిచిన నీళ్లని ట్యాంకర్‌తో తోడించెయ్యండి, ఎంత తొందరగా తోడితే అంత తక్కువ ఇంకుతుంది. వాటిలో బెంజీన్, ఒక్కోసారి రేడియం కూడా ఉండొచ్చు కాబట్టి చేతులతో, ఒట్టికాళ్లతో దిగొద్దు.

ఇప్పుడు చాలామంది చేసే తప్పు, దయచేసి మీరు చెయ్యకండి: ఉప్పు కడిగేద్దామని వెంటనే మంచినీళ్లు పెట్టేస్తారు. ఉప్పు చిక్కగా ఉన్నంతసేపూ బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి, మంచినీళ్లు పడగానే విడి ఉప్పు పోతుంది గానీ మట్టికి పట్టుకున్న సోడియం అలాగే ఉండిపోయి రేణువుల్ని విడగొట్టేస్తుంది, అవి సందులన్నీ మూసేస్తే ఇక నీళ్లు దిగవు, నేల తడిస్తే బురద, ఎండితే రాయి.

అందుకే ముందు మట్టి టెస్టు. 0-15, 15-30, 30-60 సెంటీమీటర్ల లోతుల్లో విడివిడిగా శాంపిల్స్ తీయండి, ఉప్పునీళ్లు తగలని పక్క పొలంలోంచి కూడా ఒకటి తీయండి, లేకపోతే దేంతో పోలుస్తారు? ఈసీ (మట్టిలో కరిగిన ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, డెసీసీమెన్స్/మీటరులో) 4 దాటితే పాలచౌడు, ఎస్ఏఆర్ (కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే సోడియం ఎంతుందో చెప్పే అంకె) 13 దాటితే కారుచౌడు, ఒలికిన చోట తరచూ రెండూ ఉంటాయి. రిపోర్టుని బట్టి జిప్సం వేసి కలియదున్నాలి, అందులో కాల్షియం సోడియం స్థానంలోకి వచ్చి దాన్ని విడిపిస్తుంది, నీళ్లు పెట్టడం ఆ తర్వాతే.

కానీ ఆ నీళ్లు ఉప్పుని ఎక్కడికి తీసుకెళ్తాయి? కిందికే. భూగర్భజలం పైపైనే ఉంటే ఇలా కడగడం అంటే ఉప్పుని బోర్లలోకి తోయడమే, పైగా ఎండాకాలంలో అదే ఉప్పు తేమతో మళ్లీ పైకి ఎక్కి తెల్లగా పేరుకుంటుంది. అలాంటి చోట నేల కింద డ్రైనేజీ పైపులు వేసి ఆ నీళ్లని బయటికి తీయాలి, లేదా చెడిన మట్టిని తవ్వి తీసేయించాలి.

బోరు నీళ్లని ఇవాళే టెస్టు చేయించి పెట్టుకోండి, క్లోరైడ్, బ్రోమైడ్, బెంజీన్ మూడూ. క్లోరైడ్ మట్టికి అంటుకోదు, నీళ్లతో పాటే కదులుతుంది. నీళ్లు మరిగిస్తే ఉప్పు పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఉప్పునీళ్లు బరువు కాబట్టి అడుక్కి చేరొచ్చు, అందుకే పైనీళ్ల శాంపిల్ ఒక్కటీ చాలదు. పొలం మళ్లీ పచ్చబడినా టెస్టులు ఆపొద్దు, నేల లోపల నీళ్లు నెమ్మదిగా నడుస్తాయి, ఉప్పు బోరు దాకా రావడానికి ఏళ్లు పట్టొచ్చు.