ముక్తినాథ్‌కు బండ్ల మీద: లక్షణం ఒకచోట, కారణం మరోచోట

నేపాల్‌లోని ముక్తినాథ్ మనవాళ్లకు కొత్త కాదు. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో అది ఒకటి. పూజగదిలో సాలగ్రామం ఉన్న ఇంట్లో గండకీ నది పేరు వినని వారుండరు. బస్సుల్లో వెళ్లే పెద్దల వెనకే ఇప్పుడు మోటారు సైకిళ్ల జట్లూ కనిపిస్తున్నాయి. నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఏడు బండ్లు, సరిహద్దులోని సోనౌలి నుంచి మళ్లీ సోనౌలికి ఆరు రోజులు. చెడగలిగినవన్నీ చెడ్డాయి. రెండోసారి వాటిలోవే నాలుగు బండ్లు, పది రోజులు. ఒక్క పంక్చరు తప్ప చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. కింద రాసిన చిక్కుల్లో సగానికి మందు పానాల పెట్టెలో లేదు, క్యాలెండరులో ఉంది.

మనం గోరఖ్‌పూర్‌లో దిగాం, బండి దిగలేదు

సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్‌కు నేరుగా రైలుంది కాబట్టి బండిని అందులోనే పార్సిల్ చేస్తాం. పార్సిల్ పెట్టె నిండిపోతే మన బండి తర్వాతి రైలు కోసం ప్లాట్‌ఫారం మీదే ఉండిపోతుంది. నాలుగైదు రోజుల ముందే పంపేసి, జట్టులో ఒకరు ముందుగా వెళ్లి దించుకోవడం మేలు. ట్యాంకులో చుక్క పెట్రోలు లేకుండా తీసేశాకే రైలెక్కిస్తారు. దిగాక మొదటి బంకు దాకా తోసుకెళ్లే ఓపిక ఉంచుకోండి.

సరిహద్దులో పూటంతా పోయింది

సోనౌలికి అవతలిది బెలహియా. మనిషికి వీసా అక్కర్లేదు కానీ బండికి భన్సార్ కావాలి. అంటే ఎన్ని రోజులు ఉంటామో అన్ని రోజులకు సుంకం కట్టి తీసుకునే చీటీ. అక్కడ ఆగిపోవడానికి నేను చూసిన కారణాలు రెండు. ఒకటి, ఆర్సీ నాన్నగారి పేరు మీదో బావగారి పేరు మీదో ఉండటం. యజమాని సంతకంతో అనుమతి పత్రం, ఆయన గుర్తింపు కార్డు నకలు వెంట ఉంటే మాట్లాడటం తేలిక. రెండు, జేబులో ఆధార్ ఒక్కటే ఉండటం. 15 ఏళ్లలోపు వారికి, 65 దాటిన వారికి తప్ప అది సరిహద్దు దాటడానికి పనికిరాదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ అసలుది చేతిలో ఉండాలి.

ఇక రోజుల లెక్క. మేము మొదటిసారి సరిగ్గా ఆరు రోజులకే భన్సార్ కట్టాం. పోఖరా దాటాక వచ్చే బేని ఊరి ఎగువన కొండచరియ విరిగిపడి సగం రోజు ఆగిపోయాం. గడువు దాటితే జరిమానా అన్న భయంతో చీకట్లో ఘాట్ దిగాం. ఆ రాత్రి ఒక బండి అద్దం, ఒక మనిషి మోచేయి పోయాయి. రోజులు తగ్గించి మిగుల్చుకున్న సుంకం ఎంతో నాకు ఇప్పుడు గుర్తు కూడా లేదు. అనుకున్నదానికి రెండు రోజులు కలిపి కట్టండి.

బండి బీమా కూడా మామూలుగా సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. అదనపు ప్రీమియం కడితే నేపాల్‌కు పొడిగిస్తారు. మాటతో సరిపెట్టుకోకుండా పాలసీ మీద రాయించుకోండి. మన 100 రూపాయలకు వాళ్లవి 160. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం అనుమతిని పోఖరాలో తీసుకోవచ్చు, ఫొటోలు దగ్గర ఉంచుకోండి. దసరా రోజుల్లో వెళ్తే ఆ కార్యాలయాలు మూసి ఉంటాయి. వాళ్ల దసరా అయిన దశైన్ మన సంక్రాంతి కన్నా పెద్ద పండుగ.

వెనక్కి చూస్తే ఇద్దరు లేరు

పోఖరా నుంచి బేని వెళ్లే దారిలో మాల్‌ఢుంగా దగ్గర రోడ్డు చీలుతుంది. ఒకటి బాగ్లుంగ్‌కు, రెండోది బేనికి. మా చివరి రెండు బండ్లు బాగ్లుంగ్ బజారులో టీ తాగుతూ మా కోసం ఎదురుచూశాయి. మేము బేనిలో వాళ్ల కోసం ఎదురుచూశాం. ఫోన్లు కలవలేదు. కలిసేసరికి మూడు గంటలు.

వాళ్లు నెమ్మదిగా నడపడం దీనికి కారణం కాదు. ముందున్నవాడు వేగంగా పోవడమూ కాదు. ఎవరు ఎవరిని చూసుకోవాలో ముందే అనుకోకపోవడం. రెండోసారి ఒకే నియమం పెట్టుకున్నాం: చీలిక వస్తే, వెనకున్న బండి దీపం అద్దంలో కనిపించేదాకా కదలకూడదు. ప్రతివాడూ తన వెనకవాడికి జవాబుదారు, అంతే. ముందు బండికి ఇంకెవరినీ చూసే పని లేదు. అందరిలోకి నెమ్మదిగా నడిపేవాడిని తోకలో కాకుండా ముందు బండి వెనకే పెట్టాం. తోకలో ఉంటే అందుకోవాలన్న ఆత్రంతో తన శక్తికి మించి నడుపుతాడు. నడపడం బాగా వచ్చినవాడు, పానాలు ఉన్నవాడు చివర ఉండాలి. మ్యాపును ఫోనులో ముందే దించుకోండి. కొండల్లో సిగ్నల్ విషయంలో నేపాల్ టెలికాం సిమ్ మాకు కాస్త నయమనిపించింది.

బ్రేకు మెత్తగా లోపలికి పోతోంది

కాళీ గండకీ లోయ నుంచి తిరిగి దిగేటప్పుడు ఇది తప్పక చదవాలి. ఘాసా సుమారు 2,000 మీటర్ల ఎత్తులో ఉంటే తాతోపానీ 1,200 దగ్గర ఉంది. మధ్యలో రూప్సే జలపాతం, గులకరాళ్లు, దుమ్ము, ఎదురుగా వచ్చే జీపులు. అక్కడ మా మిత్రుడొకడు వెనక బ్రేకు పెడల్ తొక్కితే అది అడుగు దాకా పోయింది. ఆపి చూస్తే వెనక డిస్కు నీలం రంగుకు తిరిగి ఉంది, దాని మీద పడిన వాన చినుకు చుయ్ మంది. గంట నుంచి అతని కుడి పాదం పెడల్ మీదే ఉంది. అతనికే తెలియదు.

లోపల జరిగేది ఇది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడే కొద్దీ అందులో నీరు పెరిగి, తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే బుడగలు. ఆయిల్ నలగదు గానీ బుడగ నలుగుతుంది. మన నొక్కు ప్యాడ్ల దాకా చేరకుండా బుడగల్లోనే పోతుంది.

ఇలా అయితే అరగంట ఆగడమే మందు. చల్లబడ్డాక పెడల్ మళ్లీ గట్టిపడుతుంది. తొందరపడి డిస్కు మీద నీళ్లు పోస్తే వంకరపోతుంది. అక్కడి నుంచి రెండో గేరులో, ఇంజినుతోనే బండిని పట్టుకుంటూ దిగండి. బ్రేకును నొక్కి వదలాలి, పట్టుకుని కూర్చోకూడదు. ఇంటి దగ్గర బయలుదేరక ముందే పాత ఆయిల్ తీసేసి, మీ బండికి చెప్పిన రకం కొత్తది పోయించండి. మొదటిసారి మేము సీటు కవర్లకు పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా కాదది.

వాగు దాటగానే బ్రేకు పట్టకపోతే భయం లేదు. ప్యాడ్లు తడిశాయి. కొద్ది దూరం లివర్ మీద తేలిగ్గా వేలుంచి నడిపితే ఆరిపోతాయి.

ఎక్కుడులో బండి లాగడం లేదు

ముందు చెవితో వినండి. ఇంజిన్ మోత పెరుగుతోంది, బండి మాత్రం కదలడం లేదు, మాడు వాసన వస్తోంది: అది క్లచ్. బురదలో సగం క్లచ్ పట్టుకుని నెట్టుకొచ్చారు. వెనక కూర్చున్నవారిని దించండి, పావుగంట చల్లారనివ్వండి, క్లచ్ వైరులో కాస్త వదులు ఉందో లేదో చూడండి. మోత కూడా పెరగకపోతే అది గాలి లోటు. ముక్తినాథ్ 3,700 మీటర్లకు పైన ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే, ఇంజిన్ బలం కూడా ఆ మేరకే. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు పెట్రోలు తగ్గించుకుని సర్దుకుంటాయి. కార్బురేటర్ పాత బండి నల్లపొగ వదులుతుంది. దానికి తోడు ఎయిర్ ఫిల్టరులో దారి దుమ్మంతా చేరి ఉంటుంది. ముక్తినాథ్‌కు ముందు వచ్చే జోమ్‌సోమ్‌లో విప్పి దులపండి.

మధ్యాహ్నం గాలి పక్కకు నెడుతోంది

బండి లోపం కాదు, గడియారం లోపం. ధౌళగిరి, అన్నపూర్ణల మధ్య లోయ పెద్ద గొట్టం లాంటిది. పొద్దెక్కి పైన పీఠభూమి వేడెక్కితే దిగువ గాలి ఆ గొట్టం గుండా పైకి పరుగెడుతుంది. జోమ్‌సోమ్ విమానాలు ఉదయమే ఎగిరేది అందుకే. పదకొండు లోపు జోమ్‌సోమ్ దాటేలా బయలుదేరండి. తిరుగు ప్రయాణంలో అది ఎదురుగాలి అవుతుంది కనుక ఇంకా ముందే లేవాలి.

మనిషికి తలనొప్పి, వికారం, నిద్ర పట్టదు

పోఖరా 800 మీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి ఒకటిన్నర రోజుల్లో ముక్తినాథ్ చేరితే శరీరం ఒప్పుకోదు. దారిలోని మార్ఫాలోనో కాగ్‌బేనిలోనో ఒక రాత్రి అదనంగా ఉండండి. మా ఆరు రోజుల పథకంలో ఆ రాత్రికే చోటు లేదు. మాత్రలు వేసుకోవాలంటే వైద్యుణ్ణి ముందే అడగాలి. సల్ఫా మందులు పడనివారు మరీ జాగ్రత్త. తలనొప్పి ముదిరినా, మాట తడబడినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా కిందికి దించడమే వైద్యం. అతని బండిని పైన వదిలేసి, జీపులో దించండి.

ఇంకో మాట. గుడి వెనక 108 ధారల కింద తడిసి, రెండు కుండాల్లో మునిగాక చేతులు వణుకుతూ ఉంటాయి. ఆ వణుకుతోనే క్లచ్ పట్టుకుని దిగబోయినవాడు మొదటి మలుపులోనే పడ్డాడు. తల తుడుచుకుని, వేడి టీ తాగి, గంట కూర్చోండి.

నాలుగో సాయంత్రం మాట పెరిగింది

తొంభై పాళ్లు ఆకలి. కొండల్లో దాల్‌భాత్ అడిగాక వండుతారు. ఒంటిగంటకు ఆకలేసి ఆగితే రెండున్నరకు పళ్లెం వస్తుంది. వచ్చాక మాత్రం చాలు అనేదాకా వడ్డిస్తారు. పదకొండున్నరకే ఆగండి. ఖర్చుకు ఒక ఉమ్మడి సంచి పెట్టి, ఖాళీ అయినప్పుడు అందరూ సమానంగా నింపండి. మా జట్టులో గొడవ మొదలైంది 160 నేపాలీ రూపాయల టీ దగ్గర.

ఇంటికొచ్చాక హ్యాండిల్ వణుకుతోంది

ఆ రాళ్ల దారి కోన్ సెట్‌ను, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులను, తినేస్తుంది. మెయిన్ స్టాండు వేసి, ముందు చక్రం పైకి లేపి, హ్యాండిల్‌ను అటూ ఇటూ నెమ్మదిగా తిప్పండి. సరిగ్గా మధ్యలో టక్కుమని కుదురుకుంటే మార్పించాల్సిందే. పనిలో పనిగా స్పోకులు ఒక్కొక్కటే వేలితో మీటి చూడండి. మిగతావాటిలా మోగనిది వదులైంది.