పిల్లలతో తొలి క్రూయిజ్: డబ్బు కట్టేముందు, ఓడ ఎక్కేముందు

క్రూయిజ్ (ఓడలో విహారయాత్ర) నడిపే కంపెనీ ఏదైనా, ధర కంటే ముందు వయసు నిబంధన చదవండి. చాలా ఓడల్లో 6 నెలల లోపు పసివాళ్లను ఎక్కించుకోరు. మహాసముద్రాలు దాటే ప్రయాణాలకు ఏడాది నిండాలి. డైపర్ వేసుకునే పిల్లలను ఈతకొలనులోకి దిగనివ్వడం అరుదు.

సింగపూర్‌లో ఎక్కి మలేసియా, థాయ్‌లాండ్ తిరిగి మళ్లీ సింగపూర్‌లోనే దిగుతారా? వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా (ఒకటికంటే ఎక్కువసార్లు దేశంలోకి రానిచ్చేదేనా) అని చూసుకోండి. పిల్లల పాస్‌పోర్టు గడువు 5 ఏళ్లే, అదీ చూడండి.

విమానం ముందురోజుకే బుక్ చేయండి. ఓడ మనకోసం ఆగదు.

పెద్ద సూట్‌కేసులు రేవులోనే తీసుకుంటారు, గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. అందుకే పాప జ్వరం మందు, ఒక జత బట్టలు, స్విమ్ సూట్, తినడానికి ఏదైనా చేతిసంచిలోనే ఉండాలి. ఉగ్గు కోసం కెటిల్ తీసుకెళ్లకండి, తీసేసుకుంటారు. వేడినీళ్లు గది సిబ్బందిని అడగండి.

ఎక్కగానే పిల్లల సైజు లైఫ్ జాకెట్ అడిగి, తొడిగి చూడండి. భద్రతా డ్రిల్లుకు పాపను కూడా తీసుకెళ్లి, అత్యవసరంలో చేరాల్సిన చోటు చూపించండి. ఇందులో మాత్రం బద్ధకం వద్దు.

భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడిగించండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు అంటించే నోరోవైరస్‌కు శానిటైజర్ సరిపోదు.

ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సముద్రంలో రోమింగ్ బిల్లు వాచిపోతుంది.