ఆటిజం ఉన్న బిడ్డకు సిరప్ తాగించడం ఎలా?

కాళ్లు చాపుకుని, వాటి మీద బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి ఉగ్గుగిన్నెతో పోసే పద్ధతి మన ఇళ్లలో ఇంకా పోలేదు. గిన్నె పోయి సిరంజి వచ్చింది, అంతే. ఆరేళ్ల పిల్లాడిని ఇద్దరు పట్టుకుంటే మూడోవారు నోట్లో చిమ్మడం హైదరాబాద్ పాతబస్తీ ఇంటి నుంచి నిజాంపేట అపార్ట్‌మెంటు దాకా ఒకేలా జరుగుతోంది. ఏ బిడ్డకైనా ఇది మంచిది కాదు. ఆటిజమో, బుద్ధిమాంద్యమో, వాటితోపాటు మూర్ఛో ఉన్న బిడ్డకైతే మరీ చెడు. మందు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఒకటి. సిరంజి కనపడగానే పళ్లు బిగించే భయం రెండోది. మూర్ఛ మందు రోజుకు రెండుసార్లు, ఏళ్ల తరబడి వాడాల్సి రావచ్చు. మొదటి వారం కుస్తీలో గెలిచినందుకు తర్వాత రోజూ వడ్డీ కట్టుకోవాల్సిందే.

కావలసినవి తక్కువే. సూది లేని 5 మి.లీ. సిరంజిలు రెండు, చిన్న గ్లాసుతో నీళ్లు, ఒక తడిగుడ్డ, బిడ్డ పాదాలు నేలకు ఆనే కుర్చీ. కాళ్లు వేలాడితే కింద పీట వేయండి. 10 మి.లీ. సిరంజి వద్దు, అందులో చిన్న గీతలు సరిగా కనపడవు. ఇంట్లో చెంచా అసలే వద్దు. ఒక్కో ఇంట్లో ఒక్కో చెంచా, ఒక్కో కొలత.

మోతాదు విషయంలో ఒకటే గుర్తుంచుకోండి: మి.గ్రా. వేరు, మి.లీ. వేరు. మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ సిరప్ సాధారణంగా 5 మి.లీ.లో 200 మి.గ్రా. ఉంటుంది. డాక్టర్ 150 మి.గ్రా. అని రాస్తే సిరంజిలో 3.75 మి.లీ. తీయాలి. సీసా మారితే లెక్క కూడా మారవచ్చు. పారాసిటమాల్‌నే చూడండి, 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్నదీ 250 మి.గ్రా. ఉన్నదీ ఒకే షాపులో పక్కపక్కనే ఉంటాయి. చీటీ మీద మి.లీ. కూడా రాయమని డాక్టర్‌ను అడగండి, రాయించుకునే బయటికి రండి. సిరంజి మీద ఆ గీత దగ్గర మార్కర్‌తో గుర్తు పెట్టండి. అమ్మమ్మ పోసినా ఆయమ్మ పోసినా అదే కొలత రావాలి. కొన్ని మందులు అడుగున పేరుకుంటాయి, కాబట్టి ముందు సీసాను బాగా కలపండి. సిరంజిని కంటికి ఎదురుగా పెట్టి, నల్ల రబ్బరు పైఅంచు గీతకు తగిలిందో లేదో చూడండి. గాలి బుడగలు బయటికి తోసేయండి.

ముందు సిరంజిని అలవాటు చేయాలి. ఇది మందు వేళలో చేసే పని కాదు, ఆటల వేళలో చేసేది. మొదట ఖాళీ సిరంజిని బిడ్డ చేతికి ఇచ్చి బకెట్లో నీళ్లు పీల్చి చిమ్మనివ్వండి. తర్వాత పెదవికి తాకించి తీసేయండి. ఆ తర్వాత అర మి.లీ. మంచినీళ్లు, అది కుదిరాక ఒక మి.లీ. ఒక మెట్టు గొడవ లేకుండా అయ్యాకే పై మెట్టు ఎక్కండి. కొందరికి నాలుగు రోజులు చాలు, కొందరికి నెల పడుతుంది. ఇది కుదిరే దాకా మూర్ఛ మందు మాత్రం ఆపకూడదు. హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ మునుపటికన్నా ఎక్కువగా తిరగబడవచ్చు. ఈలోగా వేరే రూపంలో ఇవ్వడం కుదురుతుందేమో డాక్టర్‌ను అడగండి. మీ అంతట మీరు గోలీలు నూరకండి. క్రోనో (అంటే మందును నిదానంగా వదిలేవి) అని రాసిన వాల్‌ప్రోయేట్ గోలీలు, అతి చురుకుదనానికి ఇచ్చే, రోజంతా పనిచేసేలా తయారుచేసిన మిథైల్‌ఫెనిడేట్ గోలీలు నూరితే మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది.

మాటలు అర్థం చేసుకోవడం కష్టమైన బిడ్డకు ఫోన్లో తీసిన రెండు ఫొటోలు ప్రింటు తీసి గోడకు అంటించండి: ఎడమవైపు సిరంజి, కుడివైపు తనకు ఇష్టమైన బొమ్మో ఉస్మానియా బిస్కెట్టో. ముందు ఇది, తర్వాత అది. మందు పోయగానే ఆ రెండోది చేతికి అందాలి. ‘సాయంత్రం ఇస్తాలే’ అన్నారంటే రేపు ఫొటోలు పనిచేయవు.

ఇక అసలు పని నోట్లో పోయడం. నూటికి తొంభైతొమ్మిది ఇళ్లలో పాడయ్యేది ఇక్కడే.

టీవీ ఆపండి. మిక్సీ, కుక్కర్ విజిల్ లేని సమయం చూసుకోండి. గదిలో పెద్దవాళ్లు ఒక్కరే ఉండాలి. నలుగురు చుట్టూ నిలబడి ‘తాగు నాన్నా, మంచిగా తాగు’ అంటుంటే ఆ బిడ్డకు నాలుగు గొంతులు ఒకేసారి మీద పడినట్టు ఉంటుంది. మీరు నిలబడకండి. ఎదురుగా, కాస్త పక్కకు, బిడ్డ కళ్ల ఎత్తులో కూర్చోండి. వీపు నిటారుగా, గడ్డం కొద్దిగా కిందికి ఉండాలి. తల వెనక్కి వాలిస్తే సులువుగా జారుతుందని అందరూ అనుకుంటారు. జారుతుంది నిజమే, ఊపిరి గొట్టంలోకి కూడా.

సిరంజి కొసను నాలుక మీద పెట్టకండి, గొంతు వైపు అసలే తిప్పకండి. నాలుక మీద పడితే చేదు మొత్తం తెలుస్తుంది, గొంతులోకి చిమ్మితే పొలమారుతుంది. పెదవి మూల నుంచి పోనిచ్చి, బుగ్గకూ చిగురుకూ మధ్య సందులో ఆనించండి. పళ్లు బిగించి ఉన్నా ఆ సందు తెరిచే ఉంటుంది. కాబట్టి దవడ నొక్కి నోరు తెరిపించే పనే లేదు. అర మి.లీ. మెల్లగా వదిలి ఆగండి. గొంతు పైకి కదిలి కిందికి దిగడం కనపడాలి. అది కనపడ్డాకే తర్వాతి అర మి.లీ. 3.75 మి.లీ.కి ఎనిమిది విడతలు పడతాయి. రెండు మూడు నిమిషాల పని. అంత టైము లేదంటే అరగంట ముందు లేవండి, ఇందులో బేరం లేదు.

ప్రతిసారీ ఒకే మాటలు వాడండి. ‘సిరంజి. బుగ్గలోకి. ఒకటి, రెండు, మూడు. ఆగాం.’ మూడు అన్నాక నిజంగా ఆగాలి. మూడు అని చెప్పి నాలుగోది తోశారంటే మీ లెక్క మీద నమ్మకం పోతుంది.

ముక్కు ఎందుకు మూయకూడదు? ముక్కు మూస్తే గాలి కోసం బిడ్డ నోటితో ఎగపీలుస్తుంది. ఆ పీల్పుతోపాటు నోట్లో ఉన్న మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మింగిందని మీరు అనుకుంటారు. ఏడుస్తున్నప్పుడు పోసినా ఇంతే. ఏడుపు మొదలైతే సిరంజిని పక్కన పెట్టి, మాట్లాడకుండా కూర్చోండి. ఊపిరి మామూలయ్యాక మళ్లీ మొదలుపెట్టండి. నిద్రమత్తులో ఉన్నా, ఫిట్స్ వస్తున్నా, ఫిట్స్ తగ్గాక తెలివి పూర్తిగా రాకపోయినా నోట్లో చుక్క కూడా వేయకూడదు. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే డాక్టర్ ముందే రాసిచ్చిన, ఫిట్స్ ఆపే ముక్కు స్ప్రే వాడి 108కి ఫోన్ చేయండి.

పోస్తుండగా దగ్గు వస్తే బిడ్డను ముందుకు వంచి దగ్గనివ్వండి. పెదవులు నీలంగా మారినా, దగ్గు కూడా రాకుండా ఊపిరి ఆగినా వీపు మీద భుజాల మధ్య అరచేతి కింది గట్టి భాగంతో ఐదు దెబ్బలు వేయాలి. ఏడాది దాటిన బిడ్డకు అవి పనిచేయకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైభాగాన ఐదుసార్లు లోపలికి, పైకి నొక్కాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. మందు తర్వాత గొంతు గురగురమన్నా, అన్నం తినేటప్పుడు తరచూ పొలమారుతున్నా అది మొండితనం కాదు, మింగడంలోనే ఇబ్బంది ఉండవచ్చు. ముఖ్యంగా సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాల మీద అదుపు తగ్గే స్థితి) ఉన్న పిల్లల్లో. ఇంట్లో ప్రయోగాలు ఆపి స్పీచ్ థెరపిస్టుతో పరీక్ష చేయించండి. సికింద్రాబాద్ బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న, బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో ఈ విభాగం ఉంది.

‘ఇంత గొడవెందుకు, పాలల్లో కలిపేస్తే పోలా’ అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. సీసాలో సగం పాలు మిగిలితే బిడ్డ తాగిన మందు ఎంతో ఎవరు చెప్తారు? పైగా ఆటిజం ఉన్న బిడ్డ తినేవే నాలుగు రకాలు. పెరుగన్నంలో చేదు తగిలిందా, ఆ నాలుగు మూడవుతాయి. దొంగచాటుగా కలపడం కన్నా చూపించి పోయడమే మేలు, ఎప్పటికైనా. కలపక తప్పకపోతే డాక్టర్‌ను అడిగి, ఇష్టమైన తిండిలో కాకుండా ఒక్క చెంచా జామ్‌లోనో పండ్ల రసంలోనో కలిపి మొత్తం తినిపించండి. ఆటిజంలో చిరాకు, కోపం తగ్గడానికి ఇచ్చే రిస్పెరిడోన్ ద్రావణాన్ని మాత్రం చాయ్‌లో, కోలాలో కలపకూడదు, వాటితో ఆ మందుకు పడదు. మన ఊళ్లో పిల్లలకు కూడా చాయ్ అలవాటే కాబట్టి ఇది గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

పోశాక రెండు గుక్కల నీళ్లు తాగించి, మూతి తుడిచి, ఫొటోలో చూపిన బహుమతి ఇచ్చేయండి. మందు స్నానానికి ముందే పోయాలి, చొక్కా మీద కారినా బాధ ఉండదు. సిరంజిని గోరువెచ్చని నీళ్లతో కడిగి, విడదీసి ఆరబెట్టండి.

కక్కితే ఏం చేయాలో ముందే అడిగి చీటీ వెనక రాయించుకోండి. ఎంతసేపటికి కక్కింది, ఏ మందు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. మీ అంతట మీరు ఇంకో మోతాదు పోయకండి. పూట తప్పితే తర్వాతి పూట రెండూ కలిపి పోయడం అంతకన్నా తప్పు. క్యాలెండర్‌లో తేదీ పక్కన ఒక టిక్కు పెడితే ‘నువ్వు పోశావా, నేను పోశానా’ అన్న వాదన ఉండదు. ఏప్రిల్, మే ఎండల్లో సీసాను వంటగట్టు మీదా, కారు డ్యాష్‌బోర్డు మీదా వదలకండి. ఐదు రోజుల మందు మిగిలి ఉండగానే కొత్త సీసా కొనండి. క్లోబజామ్ లాంటి మూర్ఛ మందులు చీటీ లేకుండా ఇవ్వరు, పండుగ రోజు రాత్రి ఆ చీటీ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.