శిఖరం రావలసిన చోట పల్లం వస్తోందా?

టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ నానోట్యూబులను (అతి సన్నని గొట్టాలను) ఇథనాల్‌లో కలిపి, ఏ రంగు కాంతి ఎంత దాటి వస్తుందో కొలిచే స్పెక్ట్రోమీటర్‌లో పెట్టారు. 630 నానోమీటర్ల ప్రాంతంలో ఎక్సైటాన్ (కాంతిని పీల్చుకున్నప్పుడు ఏర్పడే ఎలక్ట్రాన్-రంధ్రం జంట) శిఖరం కోసం చూస్తే పల్లం కనిపించింది. నమూనా పారబోయకండి. గుంటూరులో మా ప్రయోగశాలలో నేను పారబోయబోయాను. తప్పు నమూనాది కాదు, నేను గ్రాఫును చదివిన తీరుది.

ఆ యంత్రం డిటెక్టర్‌కు చేరని కాంతినంతా లెక్కిస్తుంది. గొట్టాలు పీల్చుకున్నదీ, పక్కలకు చెదరగొట్టినదీ అందులో కలిసిపోతాయి. పైగా వ్యాసం సుమారు 80 నానోమీటర్లు దాటితే గొట్టమే కాంతిని తనలో బంధిస్తుంది. ఆ కాంతి ఎక్సైటాన్‌తో గట్టిగా ముడిపడి ఒక శిఖరాన్ని రెండుగా చీలుస్తుంది. మీరు చూసిన పల్లం ఆ రెంటి నడుమ ఉన్నదే. ముందు గది చీకటి చేసి, క్యూవెట్‌లోకి (నమూనా పోసిన చిన్న పారదర్శక పాత్రలోకి) లేజర్ పాయింటర్ వేసి పక్కనుంచి చూడండి. ద్రవంలో సన్నని కాంతిగీత స్పష్టంగా కనిపిస్తే చెదరడం ఎక్కువగా ఉన్నట్టే. అసలు శోషణ, అంటే గొట్టాలు పీల్చుకున్న కాంతి మాత్రమే కావాలంటే క్యూవెట్‌ను ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ (అన్ని వైపుల కాంతినీ పోగుచేసే బోలు గోళం) మధ్యలో ఉంచి కొలవాలి. చెదిరిన కాంతి కూడా డిటెక్టర్‌కు చేరుతుంది కాబట్టి శిఖరం తన చోట నిలుస్తుంది. ఆ పరికరం లేకపోతే మీ గ్రాఫుకు శోషణ అని పేరు పెట్టకండి. ఈ ఒక్క మాట నా విద్యార్థులకు ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

రీడింగ్ నిలవడం లేదా? తగ్గుతూ పోతే గొట్టాలు అడుగుకు దిగుతున్నాయి. కొద్దిసేపు సోనికేషన్ చేస్తే (అతిధ్వని తరంగాలతో కదిలిస్తే) చాలు, అతిగా చేస్తే గొట్టాలు విరుగుతాయి. పెరుగుతూ పోతే ఇథనాల్ ఆవిరై ద్రావణం చిక్కబడుతోంది. మే నెలలో మా ఊరి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని గదిలో మూత లేని క్యూవెట్‌ను నమ్మకూడదు.

రామన్ కొలతలో (లేజర్ కాంతి చెదిరిన తీరును బట్టి పదార్థాన్ని గుర్తించే పద్ధతిలో) 355, 420 cm⁻¹ దగ్గరి గీతలు తక్కువ సంఖ్యల వైపు జరిగితే లేజర్ వేడి ఎక్కువైంది, శక్తి తగ్గించండి. 715, 807 దగ్గర కొత్త గీతలు మొలిస్తే అక్కడ టంగ్‌స్టన్ ఆక్సైడ్ ఉంది. లేజర్ వేడికి గొట్టం కాలి ఉండవచ్చు, లేదా తయారీలో లోపలి ఆక్సైడ్ పూర్తిగా సల్ఫైడ్‌గా మారకపోయి ఉండవచ్చు. శక్తి బాగా తగ్గించి కొత్త చోట కొలవండి. అక్కడా అవే గీతలు వస్తే నమూనాను మళ్లీ హైడ్రోజన్ సల్ఫైడ్‌లో వేడి చేయాలి.

గొట్టాలు మెరవడం లేదని కంగారు పడేవారికి: అనేక పొరల గొట్టాల్లో బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ దాటవలసిన శక్తి అంతరం) పరోక్షమైనది, అంటే ఎలక్ట్రాన్ నేరుగా కాంతిని వదిలి కిందికి దిగలేదు, అందుకే కాంతి ఉద్గారం చాలా బలహీనం. అది లోపం కాదు.